స్టఫ్డ్ బీఫ్ రోస్ట్: చిక్కంతా నడుమనే

పండగ భోజనానికి చేసిన స్టఫ్డ్ బీఫ్ రోస్ట్ చెడితే ఎక్కువగా రెండు రకాలుగా చెడుతుంది. మొదటి రకంలో, కోయగానే మాంసం చక్కటి గులాబీ రంగులో కనిపిస్తుంది. చూసినవాళ్లు ఆహా అంటారు. తీరా నోట్లో పెట్టుకునేసరికి మధ్యలో కూరిన ముద్ద, అంటే స్టఫింగ్, గోరువెచ్చగా కూడా ఉండదు, దాని చుట్టూ వేలెడు మందాన మాంసం పచ్చిగా జారుతూ ఉంటుంది. రెండో రకంలో స్టఫింగ్ పొగలు కక్కుతూ ఘుమఘుమలాడుతుంది. మాంసం మాత్రం బూడిద రంగుకు తిరిగి, ఎంత నమిలినా మింగుడుపడదు.

మొదటిది జరిగితే ఇంకో పావుగంట ఉంచాల్సింది అనుకుంటారు. రెండోది జరిగితే పావుగంట ముందే తీయాల్సింది అనుకుంటారు. నిజానికి ఆ పావుగంటతో తేలే వ్యవహారం కాదిది. రోస్ట్‌లో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు నడిమధ్య. అన్నిటికంటే ఎక్కువ వేడి తగలాల్సిన పదార్థం స్టఫింగ్. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా అక్కడే పెడుతున్నాం. ఈ వంటలో కండ ఎంపిక, స్టఫింగ్ తయారీ, ఓవెన్ వేడి, చివరికి దారం కట్టే తీరు కూడా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతాయి.

లోపలిది బయటికి, బయటిది లోపలికి

బీఫ్‌ను గులాబీ రంగులో తినడానికి వెనక ఒక ధైర్యం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పశువు కండ లోపల హానిచేసే బ్యాక్టీరియా సాధారణంగా ఉండదు. ఉంటే పైన ఉంటుంది, అదీ కోసేటప్పుడు, కత్తుల నుంచి, చేతుల నుంచి అంటుకున్నది. రోస్ట్ పైభాగం ఓవెన్‌లో వంద డిగ్రీలకు పైనే వేడెక్కుతుంది కాబట్టి అక్కడున్నవి చచ్చిపోతాయి. లోపల 55 డిగ్రీలే ఉన్నా భయపడాల్సింది పెద్దగా ఉండదు. కీమాకు ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే రుబ్బినప్పుడు పైదంతా లోపలికి కలిసిపోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకెల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. కోయని కండకు 63 డిగ్రీల సెల్సియస్, ఆపైన 3 నిమిషాల విరామం. కీమాకు 71 డిగ్రీలు. స్టఫింగ్‌కు 74.

స్టఫ్డ్ రోస్ట్ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. కండను చీల్చి, పుస్తకంలా తెరిచి, కత్తి తగిలిన ముఖం మీద స్టఫింగ్ పరిచి, మళ్లీ చుట్టేస్తాం. కత్తి, కోసే పలక, చేతులు తగిలిన భాగం ఇప్పుడు నడుమకు చేరింది. చూడ్డానికి ఒకే ముక్కలా కనిపించినా, భద్రత విషయంలో అది కీమాకు దగ్గర చుట్టం. రెసిపీల్లో ఈ మాట తరచుగా కనిపించదు. మామూలు టెండర్‌లాయిన్‌కు (వెన్నెముక కింది మెత్తటి కండకు) చెప్పే 54 డిగ్రీల అంకెనే స్టఫ్ చేసినదానికీ చెప్పేసి ఊరుకుంటారు.

సరే, 74 దాకా వండేద్దాం అంటే మాంసం ఒప్పుకోదు. కండలోని ప్రోటీన్లన్నీ ఒకే వేడికి మారవు. 50 డిగ్రీల దగ్గర మయోసిన్ గడ్డకట్టడం మొదలవుతుంది. మెత్తగా జారుతున్న మాంసం కాస్త బిగుతుకు వస్తుంది, రసం మాత్రం ఇంకా లోపలే ఉంటుంది. 60 దాటాక పీచులను చుట్టి ఉన్న కొలాజెన్ తొడుగు కుంచించుకుపోతూ, తడిబట్టను పిండినట్టు రసాన్ని బయటికి నెడుతుంది. మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ కూడా ఆ ప్రాంతంలోనే రంగు కోల్పోతుంది. 66 నుంచి 73 మధ్య యాక్టిన్ కూడా గట్టిపడిపోతుంది. అక్కడితో టెండర్‌లాయిన్ కథ ముగిసినట్టే. నడుమ 74 వచ్చేసరికి బయటి వలయం 80 దాటి ఉంటుంది. అంత ఖరీదైన కండ కొని చివరికి పీచు తినాల్సి వస్తుంది.

దీనికి మధ్యేమార్గం లేకపోలేదు. బ్యాక్టీరియా చావడానికి వేడి ఒక్కటే కాదు, ఆ వేడి ఎంతసేపు ఉందన్నది కూడా ముఖ్యం. మాంసం ఉత్పత్తిదారుల కోసం అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చిన పట్టికలో, వండిన బీఫ్ నడుమ భాగం 60 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు నిలిస్తే చాలు. 57 దగ్గరైతే 36 నిమిషాలు పడుతుంది. 54.4 దగ్గరైతే 112 నిమిషాలు. అంటే తక్కువ వేడి ఓవెన్‌లో నెమ్మదిగా పైకి పాకిన రోస్ట్, 60 దాటి అక్కడే కాసేపు నిలిచినప్పుడు, మాంసం వరకు లెక్క సరిపోతుంది. కానీ ఈ పట్టిక మాంసానికి చెప్పినది, బ్రెడ్ పొడికీ వెన్నకూ చెప్పినది కాదు. పొడిగా, కొవ్వుగా ఉన్న పదార్థంలో సూక్ష్మజీవులు వేడిని ఎక్కువసేపు తట్టుకుంటాయి. స్టఫింగ్‌కు 74 అని విడిగా చెప్పడం ఊరికే అతిజాగ్రత్త కాదు.

కాబట్టి మెత్తటి కండతో చేసేటప్పుడు స్టఫింగ్‌లో పచ్చి గుడ్డు, పచ్చి సాసేజ్, పచ్చి కీమా పెట్టకూడదు. ముందే పూర్తిగా ఉడికిన పదార్థాలే, అవీ పలచగా. నడుమ 60 నుంచి 63 మధ్య లక్ష్యం, అక్కడ కనీసం పన్నెండు నిమిషాలు నిలిచేలా నెమ్మది వేడి. మాంసం లేత గులాబీగా ఉంటుంది, ఎర్రగా కాదు. భోజనానికి వచ్చేవాళ్లలో గర్భిణులు, పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు ఉంటే ఈ సర్దుబాటు కూడా వద్దు. వాళ్ల కోసం 74 దాకా వెళ్లినా పాడవని కండ తీసుకోవాలి, దాని సంగతి కింద వస్తుంది. ఎర్రగానే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒకటే దారి. రోస్ట్‌ను ఏమీ కూరకుండా వండి, స్టఫింగ్‌ను పక్కన వేరే ట్రేలో చేసి, ముక్కతో పాటు వడ్డించడం. పండగ కళ కొంచెం తగ్గుతుంది, రుచి తగ్గదు.

అసలు ఎందుకు కూరాలి?

ఇంత తంటా ఉన్నప్పుడు ఎందుకు కూరుతున్నాం అని ఒకసారి అడగడం మంచిది. సమాధానం కండను బట్టి మారుతుంది.

టెండర్‌లాయిన్, అంటే చాలామంది అండర్‌కట్ అనే భాగం, వెన్నెముక కింద ఉండే కండ. పశువు దాన్ని పెద్దగా వాడదు కాబట్టి మెత్తగా ఉంటుంది. అదే కారణంగా దానికి కొవ్వు తక్కువ, రుచి కూడా తక్కువే. వెన్నలా కరుగుతుందని పొగుడుతారు గానీ, కళ్లు మూసుకుని తింటే అది బీఫ్ అని తెలియడానికి కొంచెం ఆలోచించాల్సి వస్తుంది. దానికి లేనిది స్టఫింగ్ తెచ్చిపెట్టాలి. నెయ్యిలాంటి కొవ్వు, ఉప్పదనం, లోతైన వాసన. వేయించి ముద్ద చేసిన పుట్టగొడుగులు, వెన్న, నీలి చీజ్, బాగా ఎర్రబడేదాకా వేగిన ఉల్లిపాయ దీనికి అందుకే నప్పుతాయి.

ఫ్లాంక్ అనే పొట్ట పక్క కండ, టాప్ రౌండ్ అనే తొడ కండ, భుజం దగ్గరి చక్ వేరే జాతి. వీటికి రుచి దండిగా ఉంది, లేనిది మెత్తదనం. ఉడికాక చక్‌లో కొవ్వు, జిగురు కూడా ఎక్కువే. వీటికి ఇంకా వెన్న, చీజ్ కూరితే రెండు ముక్కలకే వెగటు పుడుతుంది. వీటికి కావలసింది పులుపు, ఘాటు. జర్మనీ రౌలాడెన్‌లో పలచటి బీఫ్ ముక్క మీద ఆవపేస్టు పూసి, ఉల్లిపాయ, బేకన్, ఊరబెట్టిన దోసకాయ పెట్టి చుడతారు. అర్జెంటీనా, ఉరుగ్వేల మతాంబ్రెలో క్యారట్లు, ఉడికిన గుడ్లు, పచ్చి ఆకులు ఉంటాయి. ఆ పేరుకు ఆకలిని చంపేది అని అర్థం. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్‌కూ ఉత్సవాలకూ చేసే మోర్కోన్‌లో సాసేజ్, గుడ్డు, క్యారట్, ఊరబెట్టిన దోసకాయ వరుసగా పేర్చి చుడతారు. కోస్తే ప్రతి ముక్కా రంగుల చక్రంలా కనిపిస్తుంది.

ఈ మూడింటినీ చాలావరకు మూతపెట్టి, ద్రవంలో గంటల తరబడి ఉడికిస్తారు. థర్మామీటర్లు లేని కాలం నుంచీ కూరిన బీఫ్‌ను చేస్తున్న వంటిళ్లు గులాబీ రంగు జోలికి పోలేదు. కూరితే బాగా ఉడికించాలి, బాగా ఉడికించాలంటే గట్టి కండ కావాలి అన్న చోటికి అవి అనుభవం మీద చేరుకున్నాయి. టెండర్‌లాయిన్‌ను కూరి ఎర్రగా వడ్డించడం కచ్చితమైన ఓవెన్లు, ఫ్రిజ్‌లు వచ్చాక పెరిగిన మోజు.

తడి, పచ్చి, బరువు

స్టఫింగ్‌ను తక్కువగా అంచనా వేయడం మామూలే. మాంసం మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా దాని మీద పెట్టరు. పాలకూరను కొంచెం వాడ్చి, పుట్టగొడుగులను రెండు నిమిషాలు వేయించి, పచ్చి వెల్లుల్లి తరిగి వేసి చుట్టేస్తారు, ఎలాగూ ఓవెన్‌లో ఉడుకుతుంది కదా అని. ఉడకదు. కూరగాయల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ సుమారు 85 డిగ్రీలు వస్తేగాని కరగదు. నడుమ 62 దాటని రోస్ట్‌లో పెట్టిన పచ్చి ఉల్లిపాయ, గంటన్నర తర్వాత కూడా పచ్చి ఉల్లిపాయగానే బయటికి వస్తుంది, కాకపోతే వేడిగా. వెల్లుల్లి సంగతి ఇంకా ఘోరం. పచ్చి ఘాటు మాంసమంతా పాకి, మర్నాటి దాకా నోట్లోంచి పోదు.

తర్వాత తడి. పుట్టగొడుగులు, పాలకూర రెండూ పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లు పాన్‌లోనే పోవాలి, లేకపోతే రోస్ట్ లోపల పోతాయి. పుట్టగొడుగులను సన్నగా తరిగి పాన్‌లో వేస్తే మొదట నీరు ఊరి బుడబుడమంటూ ఉడుకుతాయి. ఆ నీరు ఇంకాక చప్పుడు మారి చిటపటలకు వస్తుంది, ముద్ద పాన్‌కు అంటుకోవడం మొదలవుతుంది. అక్కడ ఆపేవాళ్లు చాలామంది. ఇంకో నాలుగైదు నిమిషాలు కలుపుతూ ఉంచితే ముద్ద సగానికి సగం తగ్గి, ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, చెంచాతో నొక్కితే నీటి చుక్క కారదు. అప్పుడది సిద్ధమైనట్టు. పాలకూరైతే వాడ్చి, చల్లార్చి, గుడ్డలో కట్టి పిండాలి. అరకిలో ఆకు చివరికి గుప్పెడు ఉండ అవుతుంది. అంత తగ్గిందని దిగులుపడి ఇంకొంచెం ఆకు కలపాల్సిన పనిలేదు, కావలసింది అంతే.

తడి మిగిలితే మాంసం చుట్టూ ఆవిరి పట్టి లోపలి ముఖం ఉడికినట్టు తెల్లబడుతుంది. చుట్టిన పొరలు ఒకదానికొకటి అంటుకోవు. కోసినప్పుడు ముక్క విప్పుకుని చాపలా పరుచుకుంటుంది. బ్రెడ్ పొడి కొంచెం వేస్తే మిగిలిన తడిని పీలుస్తుంది. ఎక్కువ వేస్తే అది ఉబ్బుతుంది, మాంసమేమో అదే సమయంలో కుంచించుకుపోతుంటుంది. ఒకటి పెరుగుతూ ఇంకొకటి తగ్గుతుంటే మధ్యలో నలిగేది దారం. రెండు చివరల నుంచి స్టఫింగ్ బయటికి తన్నుకొచ్చి ట్రేలో మాడుతుంది.

ఎంత పెట్టాలన్న దానికి కిలో మాంసానికి 200 నుంచి 250 గ్రాములు మంచి హద్దు. పరిచినప్పుడు అర సెంటీమీటరు మందం దాటకూడదు, దూరపు అంచున రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. ఈ హద్దు రుచి కోసం మాత్రమే కాదు. ఇరవై సెంటీమీటర్ల పొడవున్న కిలో టెండర్‌లాయిన్ ముక్క అడ్డుకొలత ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఉంటుంది. అందులో పావుకిలో కూరితే అది తొమ్మిదికి దగ్గరవుతుంది. ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది. కానీ వేడి నడుమకు చేరే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సుమారు ముప్పై శాతం ఎక్కువ సమయం. ఎనిమిది సెంటీమీటర్ల రోల్‌ను పదికి లావు చేస్తే సమయం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

కిలోకి ఇన్ని నిమిషాలు అనే పాత సూత్రం నమ్మదగనిది అనడానికి కారణం ఇదే. ఒకే లావున్న రోల్ కిలో ఉన్నా, రెండు కిలోలు పొడుగ్గా ఉన్నా, దాదాపు ఒకే సమయంలో అవుతుంది. వేడి పక్కల నుంచి వస్తుంది, చివరల నుంచి వచ్చేది స్వల్పం. ఎక్కువమంది భోజనానికి వస్తుంటే లావు పెంచకుండా పొడవు పెంచాలి, లేదా రెండు రోల్స్ పక్కపక్కన పెట్టాలి.

కత్తి, పీచు, దారం

ముందుగా పైనున్న వెండిలాంటి తెల్లటి పొరను తీసేయాలి. ఈ వేడికి అది కరగదు, కుంచించుకుని రోల్‌ను వంకరగా లాగుతుంది. కత్తి మొనను పొర కింద దూర్చి, పదునును పొర వైపుకు కాస్త ఎత్తి పట్టి లాగితే మాంసం వృథా కాకుండా పట్టీలా ఊడొస్తుంది.

తెరవడానికి కండను పొడవుగా ఎదురుగా పెట్టుకుని, కింది నుంచి మూడో వంతు ఎత్తులో, పలకకు సమాంతరంగా కత్తి పోనివ్వాలి. అవతలి అంచుకు రెండు సెంటీమీటర్ల దూరంలో ఆపి, పై భాగాన్ని పక్కకు తెరవాలి. ఇప్పుడు లావుగా మిగిలిన భాగాన్ని మళ్లీ అదే మందంలో చీల్చి తెరిస్తే, చుట్టిన చాపను విప్పినట్టు మొత్తం ఒకే పలకగా పరుచుకుంటుంది. రెండు సెంటీమీటర్ల లోపు మందం ఉంటే సరి. ఎక్కడైనా ఎత్తుగా ఉంటే ప్లాస్టిక్ షీటు కప్పి మెల్లగా తట్టి సమం చేయవచ్చు. పొరపాటున చిల్లు పడితే కంగారుపడక్కర్లేదు, అంచున కోసిన చిన్న ముక్కను దాని మీద వేసి చుట్టేస్తే కనపడదు.

పీచు ఎటు పోతోందన్నది ఇక్కడ చాలామంది చూడని విషయం. చుట్టిన తర్వాత పీచు రోల్ పొడవునా సాగాలి. అప్పుడు అడ్డంగా కోసిన ప్రతి ముక్కలో పీచు పొట్టిగా తెగుతుంది. టెండర్‌లాయిన్‌లో పొరపాటు జరిగినా మెత్తదనం కాపాడుతుంది. ఫ్లాంక్‌లో జరిగితే మాత్రం ప్రతి ముక్కలో పొడుగాటి పీచు చుట్టుకుని ఉండి, తాడు నమిలినట్టుంటుంది. చుట్టే ముందు గీతల్ని ఒకసారి వేలితో తడిమి చూసుకుంటే సరిపోతుంది.

దారం నూలుదే కావాలి, సింథటిక్‌ది వేడికి కరుగుతుంది. మొదటి ముడి నడుమన, తర్వాత రెండు చివరల, ఆపైన మధ్య ఖాళీల్లో రెండు మూడు సెంటీమీటర్లకు ఒకటి. చివరి నుంచి మొదలుపెడితే స్టఫింగ్ అంతా రెండో చివరకు జరిగిపోతుంది. బిగువు ఎంతంటే దారం కింద చిటికెన వేలు దూరకూడదు, అలాగని మాంసం రెండు వైపులా ఉబ్బి పైకి లేవకూడదు. మరీ బిగిస్తే కోతలు పడి అక్కడి నుంచే రసం కారుతుంది.

రోస్ట్‌ను ముందురోజే కూరి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పండగ రోజు పని తగ్గుతుందనే ఆలోచన సహజం. రెండింటినీ విడివిడిగా సిద్ధం చేసుకోవడం మేలు. మాంసానికి బయట కిలోకి పది గ్రాముల లెక్కన ఉప్పు రుద్ది, మూతలేకుండా ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి రాత్రి ఉప్పు లోపలికి దిగుతుంది, పైభాగం ఆరుతుంది. స్టఫింగ్‌ను వండి చల్లార్చి వేరే డబ్బాలో ఉంచాలి. మర్నాడు తెరిచి, పరిచి, చుట్టి, కట్టడానికి చేయి తిరిగినవాళ్లకు పావుగంట చాలు. వేడి స్టఫింగ్‌ను పచ్చి మాంసంలో చుట్టి పక్కన పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడని పని. నడుమన వెచ్చగా, తడిగా ఉండే ఆ గూడు బ్యాక్టీరియాకు ఇంతకంటే అనువుగా దొరకదు.

నెమ్మదిగా లోపల, చివర్లో పైన

మాంసాన్ని ముందుగా పాన్‌లో కాల్చితే రసం లోపల బందీ అవుతుందనే మాట జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ 1847లో ప్రచారంలోకి తెచ్చినది. అది తప్పని 1930ల నాటి ప్రయోగాల్లోనే తేలింది. ఇప్పటికీ వంటింట్లో వినిపిస్తూనే ఉంది. కాల్చడం వల్ల వచ్చేది రుచి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో వివరించిన చర్య అది. ప్రోటీన్ భాగాలు, చక్కెరలు 140 డిగ్రీల పైన కలిసి గోధుమ రంగునూ కాల్చిన వాసననూ ఇస్తాయి. పైభాగం తడిగా ఉన్నంతసేపు అది 100 దాటదు కాబట్టి ఆ చర్య ఊపందుకోదు. ముందురోజు ఫ్రిజ్‌లో ఆరబెట్టిన ఫలితం ఇక్కడ చేతికొస్తుంది.

కాల్చడం రసాన్ని ఆపదు కాబట్టి దాన్ని మొదట్లోనే చేయాలన్న నియమమూ లేదు. స్టఫ్డ్ రోస్ట్‌కు చివర్లో చేయడమే మంచిది. 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రోల్‌ను జాలీ మీద పెట్టి నెమ్మదిగా పైకి రానివ్వాలి. తక్కువ వేడిలో బయటికీ నడుమకూ తేడా తక్కువగా ఉంటుంది, అంచున బూడిద రంగు పట్టీ సన్నబడుతుంది. 200 డిగ్రీల్లో మొదలుపెడితే నడుమ 60 వచ్చేలోపు బయటి మూడో వంతు మాంసం ఎండిపోయి ఉంటుంది. నెమ్మదిగా వండాక పొరలు అంటుకుని రోల్ గట్టిపడి ఉంటుంది. అప్పుడు ఓవెన్‌ను 250కి పెంచి ఎనిమిది పది నిమిషాలు ఉంచితే పైన రంగొస్తుంది. పాన్‌లో పొర్లించి కాల్చడం కంటే ఇదే మేలు. పాన్‌లో తిప్పేటప్పుడు దారం జారడం, చీజ్ కారి మాడడం మామూలు.

థర్మామీటర్ లేకుండా ఈ వంటకు దిగడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే. పెట్టేటప్పుడు కూడా చూసుకోవాలి. మొన మాంసం పొరలో కాక, పక్క నుంచి సరిగ్గా మధ్యలోని స్టఫింగ్‌లో ఉండాలి. మాంసంలో పెట్టి 60 చూసి తీసేస్తే, లోపల ఇంకా 52 ఉండొచ్చు. అనుమానం ఉంటే మొనను కొంచెం ముందుకూ వెనక్కూ జరిపి, కనిపించిన అతి తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. తీశాక కూడా లోపల వేడి పెరుగుతుంది. నెమ్మది ఓవెన్ నుంచి తీస్తే రెండు మూడు డిగ్రీలు, మంచి వేడి ఓవెన్ నుంచైతే ఐదు, ఒక్కోసారి అంతకు మించి. వండే ముందు గంటసేపు బయట పెడితే రోస్ట్ సమంగా ఉడుకుతుందని చెబుతారు. ఇంత లావు ముక్కలో గంటలో నడుమ ఎక్కేది కొద్ది డిగ్రీలే, దానికోసం టైమ్ పెట్టుకోనవసరం లేదు.

తీశాక పావుగంట ఆగాలి. వేడి తగ్గేకొద్దీ రసం చిక్కబడి, కోసినప్పుడు పలకంతా పారదు. ఫాయిల్ వదులుగా కప్పితే చాలు, గట్టిగా చుడితే ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. దారాలన్నీ ఒకేసారి కత్తిరించకూడదు. ఒక ముక్క కోసే ముందు ఆ ముక్క మీది దారం ఒక్కటే తీయాలి. రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా, పొడవాటి పదునైన కత్తితో, నొక్కకుండా ముందుకు లాగుతూ కోయాలి. పలచగా కోస్తే ఎంత బాగా కట్టినా విడిపోతుంది.

మూతపెట్టి చేసే దారి

పదిమంది భోజనానికి వస్తున్నప్పుడు, నిజం చెప్పాలంటే, గట్టి కండతో చేసే రోస్టే తెలివైన ఎంపిక. ఫ్లాంక్‌నో, టాప్ రౌండ్‌నో తెరిచి కూరి కట్టి, మొదట పాన్‌లో అన్ని వైపులా కాల్చాలి. ఇక్కడ ముందే కాల్చాలి, తర్వాత ద్రవంలో మునిగాక రంగు రాదు. మందపాటి గిన్నెలో ఉల్లిపాయ, క్యారట్, టమాటా వేసి, స్టాక్ (ఎముకలు మరిగించి వడగట్టిన రసం) పోసి, ద్రవం రోల్‌లో సగం ఎత్తు వరకు ఉండేలా చూసి, మూతపెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో రెండు నుంచి మూడు గంటలు వదిలేయాలి. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు.

ఇందులో ముందు చెప్పిన చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. నడుమ 90 డిగ్రీలు దాటుతుంది కాబట్టి స్టఫింగ్‌లో గుడ్డు, సాసేజ్ ఏది పెట్టినా ఉడికిపోతుంది. ఉల్లిపాయ పచ్చిగా వేసినా కరుగుతుంది. యాక్టిన్ గట్టిపడి మాంసం రసం వదిలేస్తుంది, అది నిజమే. కానీ 70 దాటిన వేడిలో గంటల తరబడి ఉన్న కొలాజెన్ జెలటిన్‌గా మారి పీచుల మధ్య జిగురులా నిలుస్తుంది, నోటికి ఆ తేమ లోటు తెలియనివ్వదు. టెండర్‌లాయిన్‌లో కరగడానికి అంత కొలాజెన్ లేదు, అందుకే దాన్ని ఇలా ఉడికిస్తే ఎండిపోవడం తప్ప లాభం ఉండదు. టాప్ రౌండ్‌లోనూ చక్‌లో ఉన్నంత లేదు కాబట్టి దాన్ని పలచగా పరిచి చుట్టడం మంచిది, సాస్ కూడా ఎక్కువ పోయాలి.

పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదన్నది ఇంకో లాభం. టెండర్‌లాయిన్‌కు అతిథి ఆలస్యమైతే టెన్షన్. దీనికి ఓవెన్ తగ్గించి మూత తీయకుండా ఉంచితే అరగంట కూడా తేలిగ్గా గడిచిపోతుంది. సాస్ విడిగా చేయాల్సిన పనీ లేదు, గిన్నెలోనే తయారై ఉంటుంది. వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసి, సగానికి మరిగిస్తే జెలటిన్ వల్ల చెంచాకు పట్టుకునేంత చిక్కగా వస్తుంది. నెమ్మది ఓవెన్‌లో చేసిన టెండర్‌లాయిన్ కింద ట్రేలో మాత్రం రెండు చెంచాల రసం కూడా మిగలదు. దానికి ముందురోజు తీసిన అంచు ముక్కల్ని ఎర్రగా వేయించి స్టాక్‌తో సాస్ చేసి పెట్టుకోవాలి.

ఉడికించిన రోల్‌ను వేడిగా కోస్తే కొంచెం చిదురుతుంది. భోజనానికి ముందురోజే వండి, రెండు గంటల లోపు సాస్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టేస్తే, మర్నాటికి జెలటిన్ గడ్డకట్టి రోల్ బిగుసుకుంటుంది. అప్పుడు దారం తీసి చల్లగా ఉన్నప్పుడే కోస్తే సెంటీమీటరు మందానికైనా ముక్క చెదరదు, గుడ్డు, క్యారట్, ఆకు ఎక్కడివక్కడ చక్రంలా నిలుస్తాయి. ఆ ముక్కల్ని వెడల్పాటి ట్రేలో పేర్చి, వేడి చేసిన సాస్ మీద పోసి, ఫాయిల్ కప్పి 160 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, ముక్కల నడుమ 74 చేరిందో లేదో చూసుకుని అదే ట్రేలో బల్ల మీదికి తెచ్చేయవచ్చు.